ఖాళీ పట్టికకు ప్రథమ స్థానం

సీతారత్నం టీచరు రాసిన మాటలన్నీ పోయిన రోజున ఆఫీసులో అందరికీ లడ్డూ, కారప్పూస పంచారు.

ఆ రోజు పరిశుభ్ర కార్యాలయ పక్షోత్సవం ముగింపు. ప్రతి విభాగమూ పనికిరాని సామాను ఏదో ఒకటి పారేసి, పారేస్తుండగా ఫొటో తీయించుకుని రాజధానికి పంపాలని ఉత్తర్వు. ఎస్టాబ్లిష్‌మెంటు వాళ్లు కాళ్లు విరిగిన కుర్చీలు పారేశారు. అకౌంట్స్ వాళ్లు ఎండిపోయిన జిగురు సీసాలు పారేశారు. కంప్యూటరు విభాగంలో పారేయడానికి ఏమీ దొరకలేదు. అది పెద్ద చిక్కయి కూర్చుంది. చివరికి డైరెక్టర్ దివాకరం గారే స్వయంగా వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని గదంతా ఒక చుట్టు చుట్టి, తెర మీద ఎర్రగా వెలుగుతున్న గీత ముందు ఆగారు. సర్వర్‌లోని డిస్కు నిండిపోవచ్చిందని ఆ గీతకు అర్థం.

"ఇంత చెత్త పెట్టుకుని చెత్త లేదంటారేమిటయ్యా?" అన్నారు.

అది చెత్త కాదనీ, డిస్కే చిన్నదనీ, పెద్దది కొనాలని రాసిన కాగితం డైరెక్టర్ గారి బల్ల మీదే ఉందనీ ఉమామహేశం మాష్టారు చెప్పబోయారు. ఈలోగా ఫొటోగ్రాఫర్ వచ్చేశాడు. అన్నిటికంటే ఎక్కువ చోటు తినేస్తున్న పట్టిక ఏదో చూసి ఖాళీ చేసెయ్యమన్నారు దివాకరం గారు. కాంట్రాక్టు ఇంజనీరు ఫణీంద్ర సర్వర్‌కు ఒక కొత్త చీపురు ఆనించి నిలబెట్టాడు. దివాకరం గారు చీపురు కర్ర మీద చెయ్యి వేసి కెమెరా వైపు చూశారు. ఫణీంద్ర మీట నొక్కాడు. ఎర్ర గీత పచ్చగా మారింది. అందరూ చప్పట్లు కొట్టారు.

అలా పోయినది వ్యాఖ్యల పట్టిక.

ఆ సంస్థ పేరు విద్యార్థి వ్యాఖ్యల భాండారం. బడుల్లో పిల్లలకు మార్కులు ఎలాగూ ఉంటాయి. మార్కుల్లోకి ఎక్కని సంగతి కూడా ఒకటి ఉంటుంది కదా అని ఎప్పుడో ఒక మంచి అధికారికి తోచింది. ఏడాది చివర ప్రతి టీచరూ ప్రతి పిల్లవాడి గురించీ సొంత మాటల్లో రెండు ముక్కలు రాసి పంపాలి, అవన్నీ ఒకచోట భద్రంగా ఉండాలి అన్నాడు. ఆయన రిటైరైపోయాడు. ఆఫీసు మిగిలింది. చాలామంది టీచర్లు ప్రతి పిల్లవాడికీ "బాగు" అని రాసి పంపేవారు. కొందరు ఇంకొంచెం శ్రద్ధ తీసుకుని "చాలా బాగు" అని రాసేవారు. కాలవ అవతల ప్రాథమిక పాఠశాలలో పనిచేసిన సీతారత్నం టీచరు మాత్రం నిజంగానే రాసేది. ఆవిడ ఉమామహేశం మాష్టారి భార్య. నిరుడు ఆషాఢంలో జ్వరం వచ్చింది. తగ్గలేదు.

మాష్టారు హైస్కూల్లో సోషల్ చెప్పేవారు. ఈ ఆఫీసుకు డేటాబేస్ చూసుకునే మనిషి కావలసి వచ్చినప్పుడు, అది పాత వివరాలకు సంబంధించిన పని కనుక చరిత్ర చెప్పే టీచరైతే సరిపోతుందని పైవాళ్లు నిర్ణయించి, ఆయన్ని డెప్యుటేషన్ మీద పంపారు. కొద్దిరోజులు శిక్షణ ఇచ్చారు. వివరాలు పట్టికల్లో ఉంటాయి, పట్టికలు డిస్కులో ఉంటాయి, డిస్కు పాడైతే పక్కన తీసి ఉంచుకున్న నకలు నుంచి మళ్లీ ఎక్కించుకోవాలి. ఆయనకు అర్థమైంది ఇంతే. ఇంతవరకూ సరిగ్గానే అర్థమైంది.

భార్య పోయాక బడికి తిరిగి వెళ్లిపోవచ్చన్నారు. ఆయన వెళ్లలేదు. మధ్యాహ్నం క్యారేజీ తిని, గిన్నెలు కడిగి, వచ్చి తెర ముందు కూర్చుని, ఆవిడ రాసిన వ్యాఖ్య ఒకటి తీసి చదువుకునేవారు. రోజుకు ఒకటే. ముప్పై ఏళ్ల సర్వీసు కనుక చదవనివి ఇంకా చాలా ఉన్నాయి. ఆ సంగతి తలుచుకుంటే ఆయనకు మర్నాడు ఆఫీసుకు రాబుద్ధయ్యేది.

లడ్డూ కాగితంలో చుట్టి జేబులో వేసుకుని ఆయన సూపరింటెండెంట్ మాణిక్యాంబ గారి దగ్గరికి వెళ్లారు. నకలు ఉన్న హార్డ్ డిస్కు ఆవిడ అధీనంలో, ఆవిడ కుర్చీ వెనక ఇనప బీరువాలో ఉంటుంది. తాళంచెవి ఆవిడ బొడ్లో ఉంటుంది.

"బ్యాకప్ కావాలండీ. వ్యాఖ్యలు తిరిగి ఎక్కించాలి."

"ఎక్కిద్దురు గానీ, కూచోండి ముందు. నష్టం జరిగినట్టు కాయితం ఏదీ?"

"నష్టం జరిగింది గదండీ. మీరూ అక్కడే ఉన్నారు."

"నేను చూస్తే సరిపోతుందేంటి మాష్టారూ? నేను చాలా చూస్తాను. డైరెక్టర్ గారు సంతకం పెట్టి ఇవ్వాలి, ఫలానా వివరాలు నష్టపోయాం అని. అది లేకుండా బీరువా తీస్తే రేపు నా పెన్షన్ ఆపి కూచుంటారు."

దివాకరం గారు ఆ కాగితం మీద సంతకం పెట్టలేదు. పెట్టకపోవడానికి ఆయన చెప్పిన కారణంలో తప్పు పట్టడానికి కూడా ఏమీ లేదు.

"నష్టం అనే పదం ఎక్కడినుంచి వచ్చిందండీ? మనం సాధించినది పరిశుభ్రత. ఫొటో సహితంగా నివేదిక సమర్పించడమైనది. సదరు ఫొటోలో నేను ఉన్నాను. ఒకే చర్య ఏకకాలంలో పరిశుభ్రతా, నష్టమూ ఎలా అవుతుంది? ప్రభుత్వం తనను తాను ఖండించుకోజాలదు."

మాష్టారు తిరిగి వచ్చి మాణిక్యాంబ గారి ఎదుట కూర్చున్నారు. అసలు భయం అప్పుడు చెప్పారు. ప్రతి శుక్రవారం మధ్యాహ్నం డైరెక్టర్ గారి సమక్షంలో సర్వర్‌లో ఉన్నదంతా ఆ హార్డ్ డిస్కులోకి నకలు తీయాలి. ఉన్నది ఒకటే హార్డ్ డిస్కు కనుక పాత నకలు చెరిగి, దాని చోట కొత్తది కూర్చుంటుంది. ఇప్పుడు పట్టిక ఖాళీగా ఉంది. ఈ శుక్రవారం నకలు తీస్తే ఆ ఖాళీయే బీరువాలోకి వెళుతుంది. ఇంక ఎక్కడా ఏమీ ఉండదు.

"మేడం గారివి కూడా అందులోనే ఉన్నాయా?" అంది మాణిక్యాంబ.

"ఉన్నాయండి."

ఆవిడ తాంబూలం డబ్బా మూత పెట్టింది.

శుక్రవారం మధ్యాహ్నం దివాకరం గారు కోటు తొడుక్కుని వచ్చారు. ఫణీంద్ర కేబుల్ పట్టుకుని నిలబడ్డాడు. మాణిక్యాంబ గారు మాత్రం కుర్చీలోంచి లేవలేదు. తలంటుకుని, జడలో చామంతులు పెట్టుకుని ఉంది. బీరువా తలుపు మీద పసుపూ కుంకుమా కొత్తగా మెరుస్తున్నాయి.

"తియ్యండి" అన్నారు దివాకరం గారు.

"శుక్రవారం పూట తియ్యనండి."

"అంటే?"

"శుక్రవారం బీరువాలోంచి వస్తువు బయటికిస్తే లక్ష్మి వెళ్లిపోద్దండి. మీ ఇంట్లో మీ ఆవిడ గారు ఇస్తారేంటి? ఒక్క సేరు బియ్యం అడిగి చూడండి ఇవాళ."

"ఇన్నాళ్లూ ఇచ్చారు గదమ్మా!"

"ఇచ్చాం. ఏం బాగుపడ్డాం? నాకు ప్రమోషన్ రాలేదు, మీకు బదిలీ రాలేదు."

దివాకరం గారు ఆలోచనలో పడ్డారు. రాజధానికి బదిలీ కోసం ఆయన మూడేళ్లుగా దరఖాస్తులు పెడుతున్నారు. మరి శనివారం తీద్దామా అంటే నకలు శుక్రవారమే తీయాలని నియమావళిలో ఉంది. శుక్రవారమే తీయాలి, శుక్రవారం తీయకూడదు. రెండు నియమాలూ గౌరవనీయమైనవే. దివాకరం గారు రెండింటినీ గౌరవించారు. ప్రతి శుక్రవారం కోటు తొడుక్కుని వచ్చి, బీరువాకు నమస్కారం చేసి, "బ్యాకప్ కార్యక్రమం యథావిధిగా నిర్వహించబడినది" అని పుస్తకంలో సంతకం చేసి వెళ్లడం మొదలుపెట్టారు.

ఆ నెలాఖరుకి రాజధాని నుంచి ఫలితాలు వచ్చాయి. ప్రజలు ఏదైనా వివరం వెతికితే ఏ కార్యాలయపు కంప్యూటరు ఎంత త్వరగా జవాబిస్తుందో కొలిచి, ప్రతి నెలా స్థానాలు ఇస్తున్నారు. అప్పటిదాకా వ్యాఖ్యల భాండారం చివరి నుంచి రెండోది. మనిషి పేరు కొట్టి, టీ తాగి వస్తే వ్యాఖ్య కనిపించేది. ఈసారి రాష్ట్రంలో మొదటి స్థానం వచ్చింది. పేరు కొట్టి వేలు తీసేలోపు జవాబు వచ్చేస్తోంది. "ఫలితాలు లేవు" అన్నదే ఆ జవాబు. అయితే కొలిచేది వేగాన్నే కనుక జవాబు ఏమిటన్నది ఎవరూ చూడలేదు.

ఈ విజయానికి కారణం వివరిస్తూ నోట్ సమర్పించవలసిందిగా మాష్టారికి ఆదేశం వచ్చింది. మాష్టారు మాటల విషయంలో జాగ్రత్త మనిషి. విద్యార్థి వ్యాసంలోనైనా ఒక్క అనవసరపు మాట కనిపిస్తే ఎర్ర సిరాతో కొట్టేసేవారు. ఉన్నదున్నట్టు రాశారు. "పట్టికలో ఏమీ లేనందువల్ల వెతుకులాట వెంటనే ముగుస్తోంది. వివరాలు తిరిగి ఎక్కిస్తే వేగం మునుపటిలా తగ్గుతుంది. అయినా ఎక్కించడం అవసరం."

ఈ నోట్‌తో కళ్లు తెరుచుకుంటాయని ఆయన నమ్మకం.

కళ్లు నిజంగానే తెరుచుకున్నాయి. దివాకరం గారు మాష్టారిని పిలిపించి, లేచి నిలబడి చెయ్యి కలిపారు.

"మాష్టారూ, ఎంత పరిశోధన చేశారండీ! పెద్ద పెద్ద కంపెనీలు కోట్లు తగలేసి వేగం వేగం అని ఏడుస్తుంటే, మూలకారణం మీరు ఒక్క వాక్యంలో పట్టేశారు. వివరాలే అడ్డు!"

"నేనలా రాయలేదండి."

"మీరు వినయంగా రాశారు. మేం స్పష్టం చేస్తాం."

మొదటి వాక్యం వరకు ఉంచి, మిగతా రెండూ సంక్షిప్తత నిమిత్తం తొలగించి, ఆ నోట్‌ను సర్క్యులర్‌గా పంపించారు. రంగుల్లో అచ్చు వేయించి గుమ్మం మీద కూడా కట్టించారు. కింద మాష్టారి పేరు.

ఆ తర్వాత ఎవరినీ ఆపడం ఎవరివల్లా కాలేదు. హాజరు పట్టిక కొంచెం నిదానంగా ఉందని తేలింది. దాన్నీ మెరుగుపరిచారు. బడుల పేర్ల పట్టికను మెరుగుపరిచారు. టీచర్ల పట్టికను మెరుగుపరిచారు. జీతాలు వేరే ఆఫీసులో ఉండబట్టి సరిపోయింది. పట్టిక ఖాళీ అయిన ప్రతిసారీ వేగం పెరిగింది, డిస్కులో చోటు మిగిలింది. మిగిలిన చోటును ఏం చేయాలో నిర్ణయించడానికి ఒక ఉపసంఘం వేశారు. నిండకుండా చూసుకోవాలని అది సిఫారసు చేసింది.

పొరుగు శాఖల వాళ్లు అధ్యయన యాత్రకు రావడం మొదలుపెట్టారు. పెద్ద తెర పెట్టించారు. ఫణీంద్ర వాళ్లనే ఏదో ఒక పేరు చెప్పమనేవాడు. చెప్పీ చెప్పకముందే "ఫలితాలు లేవు" అని వచ్చేది. హాలంతా ఆశ్చర్యంతో నోరు తెరిచేది. ఒక శాఖ అధికారి లేచి, "ఏ పేరు కొట్టినా ఇదే వస్తుందా?" అని అడిగాడు.

"సర్వులకూ సమానంగా, వివక్ష లేకుండా" అన్నారు దివాకరం గారు.

ఆ అధికారి దాన్ని కూడా రాసుకున్నాడు.

ఈ సందడిలో మాష్టారు మధ్యాహ్నం క్యారేజీ తిని, గిన్నెలు కడుక్కుని, వచ్చి తెర ముందు కూర్చునేవారు. వ్యాఖ్యలు రాసిన టీచరుగా భార్యకున్న నంబరు కొట్టేవారు. జవాబు వెంటనే వచ్చేది. అంత వెంటనే రావడం ఆయనకు బాగుండేది కాదు. ఇదివరకు ఆ ఆలస్యంలో కాసేపు ఎదురుచూడటం ఉండేది.

అంతలో విపత్తు విన్యాసం దగ్గరపడింది. ప్రమాదం జరిగితే వివరాలను ఎంత త్వరగా వెనక్కి తేగలరో ఏటా ఒకసారి చేసి చూపించాలని నియమం. సర్వర్ జోలికి వెళితే ఏదైనా అవుతుందన్న భయంతో ముందటి డైరెక్టర్ ఎవరో ఆ విన్యాసాన్ని బీరువాతో సరిపెట్టారు. గంట కొడతారు. అందరూ బయటికి వస్తారు. అటెండర్ అప్పలస్వామి, ఇంకో ముగ్గురూ బీరువాను మోసుకొచ్చి సైకిల్ స్టాండులో దించుతారు. అందరూ టీ తాగుతారు. మళ్లీ లోపలికి మోస్తారు. బీరువా అరగంట లోపల యథాస్థానం చేరితే వివరాలు పునరుద్ధరించబడినట్టు నివేదిక వెళుతుంది. ఏ ఏడూ విఫలం కాలేదు.

ఈసారి ఏర్పాట్ల ఫైలు మాష్టారి చేతికి వచ్చింది. ఆయన ఎంతో ఆలోచించి, ఒకే ఒక వాక్యం చేర్చారు. "విన్యాసంలో భాగంగా బ్యాకప్ నుంచి ఒక వ్యాఖ్యను నమూనాగా పట్టికలోకి ఎక్కించి తెర మీదికి తేవచ్చు."

దివాకరం గారు ఫైలు చదివి పిలిచారు.

"వేగం తగ్గుతుందా?"

"ఒక్కటైతే తెలియనంతండి."

"ఫొటోకి బాగుంటుంది. బీరువా ఫొటో ఏటా అదే అయిపోతోంది. కానీ ఒక్కటే! అన్నిట్లోకీ పొట్టిది ఎంచండి."

అన్నిట్లోకీ పొట్టిది "బాగు". ఆ రెండక్షరాలతో కొన్ని లక్షల వ్యాఖ్యలు ఉన్నాయి. మాష్టారికి భార్య రాసినది కావాలని అడగడానికి నియమావళిలో ఏ క్లాజూ లేదు.

తాళంచెవితో సహా వచ్చి గుమ్మంలో నిలబడ్డ మాణిక్యాంబ గారు అందుకుంది.

"పొట్టిది ఎంచితే రేపు ఆడిట్ వాళ్లు పట్టుకుంటారండి. చిన్నది చూసి ఎంచుకున్నారు, మోసం అంటారు. నాకెందుకొచ్చిన గొడవ? సరుకు నా చేతిలోది. నమూనా నేనే చెబుతాను."

ఆడిట్ అన్న మాట వినగానే దివాకరం గారు రెండు చేతులూ ఎత్తేశారు. "మీరే చెప్పండమ్మా, మీరే చెప్పండి."

విన్యాసం బుధవారం. గంట మోగింది. బీరువా సైకిల్ స్టాండులోకి వచ్చింది. అప్పలస్వామి నడుం పట్టుకుని, "ఏటికేడాదీ బరువెక్కుతోందండీ బాబూ, లోపలేం పెడుతున్నారో గానీ" అని గొణిగాడు. మాణిక్యాంబ గారు తాళం తీసి, హార్డ్ డిస్కును పైటకొంగుతో తుడిచి, మాష్టారి చేతిలో పెట్టింది.

"మేడం గారి నంబరు మీద ఉన్నవాట్లో ఒకటి తియ్యండి. ఏది అని చూసి తియ్యకండి. కళ్లు మూసుకుని తియ్యండి. నిష్పాక్షికంగా ఉండాలి గదా, ఏమంటారు సార్?"

"నిష్పాక్షికత ప్రధానం" అన్నారు దివాకరం గారు.

హాల్లో అందరూ పెద్ద తెర ముందు చేరారు. మాష్టారు ఆ నంబరు చూడకుండానే కొట్టారు. తర్వాత కళ్లు మూసుకుని ఏదో ఒక వరుస మీద నొక్కారు. తెర కాసేపు ఊరుకుంది. కొన్ని నెలల తర్వాత ఆ ఆఫీసులో ఒక జవాబు ఆలస్యమైంది. ఆ ఆలస్యంలో మాష్టారు కళ్లు తెరిచారు.

వచ్చింది. దివాకరం గారు గొంతు సవరించుకుని, ఉత్తర్వు చదివినట్టు బిగ్గరగా చదివారు.

"రెండో తరగతి. గంగరాజు. మాట్లాడడు. కిటికీ పక్కన కూర్చోబెట్టాను. ఇప్పుడు వాన వస్తే అందరికంటే ముందు మాకు వాడే చెబుతున్నాడు."

ఏం చేయాలో తెలియక ఫొటోగ్రాఫర్ ఒక ఫొటో తీశాడు.

"ఇదేమిటి?" అన్నారు దివాకరం గారు. "ఇందులో సమాచారం ఏముంది? వాన వస్తే ఎవరైనా చెబుతారు."

వెనకనుంచి అప్పలస్వామి ముందుకు తోసుకొచ్చాడు. "మా రేవులో గంగరాజేనేంటండీ? రెండో క్లాసు దాకా మూగోడనుకున్నాం ఆణ్ని! ఇప్పుడు పంటు మీద టిక్కెట్లు కోస్తున్నాడు. అవతలి గట్టు చేరేదాకా నోరు మూస్తే ఒట్టండీ బాబూ, చెవులు పోతున్నాయి!"

అందరూ నవ్వారు. మాష్టారు కూడా నవ్వారు. నవ్వుతూనే ఆ వ్యాఖ్యను మళ్లీ మొదటినుంచి చదువుకున్నారు. ఆయన అంతకుముందు చదవనిది అది.

బీరువా సకాలంలో లోపలికి వెళ్లింది. విన్యాసం విజయవంతమైంది. హార్డ్ డిస్కు మళ్లీ తాళంలో పడింది.

ఆ నెల ఫలితాల్లో వ్యాఖ్యల భాండారానికి రెండో స్థానం వచ్చింది. మొదటి స్థానం, అధ్యయన యాత్రకు వచ్చి "సర్వులకూ సమానంగా" అని రాసుకున్న అధికారి శాఖకు దక్కింది. వాళ్లు సర్వర్‌లో ఒక్క వరుస కూడా మిగల్చలేదట. దివాకరం గారికి ఆ రోజు అన్నం సహించలేదు. ఓటమికి కారణాన్ని వెతికించారు. పట్టిక మొత్తంలో ఒకే ఒక వరుస ఉండటం వల్ల, వెతికిన ప్రతిసారీ కంప్యూటరు దాన్ని ఒకసారి చూసి వెళ్లవలసి వస్తోందని ఫణీంద్ర నివేదిక ఇచ్చాడు. సాయంత్రానికి ఉత్తర్వు వెలువడింది. "సదరు వాన వ్యాఖ్యను తక్షణమే తొలగించి, పట్టికను పూర్వ పరిశుభ్ర స్థితికి తెచ్చి, చర్య తీసుకున్నట్టు నివేదించవలెను."

ఉత్తర్వు మాష్టారి పేరు మీద వచ్చింది. అందుకున్నట్టు ఆయన సంతకం చేశారు.

మర్నాడు దివాకరం గారు వరండాలో ఎదురై అడిగారు. "అయిందా మాష్టారూ?"

అవును, కాదు అని తప్ప మూడో జవాబు చెప్పే అలవాటు లేని మనిషి మాష్టారు.

"పరిశీలనలో ఉందండి" అన్నారు.

దివాకరం గారు తల ఊపి వెళ్లిపోయారు. ఆ జవాబు ఆయనకు బాగా అర్థమైంది. ఆ తర్వాత వారం వారం అడుగుతున్నారు. వారం వారం అదే జవాబు వింటున్నారు. మధ్యాహ్నం భోజనం అయ్యాక మాష్టారు తెర ముందు కూర్చుని ఆ నంబరు కొడుతున్నారు. గంగరాజు, కిటికీ, వాన కనిపిస్తున్నాయి.

ఆ వ్యాఖ్యను తొలగించే పని ఇంకా జరగలేదు. బీరువాలో ఉన్న మిగతా వ్యాఖ్యలను తిరిగి ఎక్కించే పని కూడా ఇంకా జరగలేదు.